అవతలి ఇన్సూరెన్స్ వాళ్ళు ఫోన్ చేస్తే

ప్రశ్న: మేడమ్, మేం డల్లాస్‌లో ఉంటాం. పోయిన వారం సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే వెనకాల కారు వచ్చి గుద్దేసింది, డిక్కీ లోపలికి నొక్కుకుపోయింది, నా మెడ ఇంకా పట్టేసే ఉంది. అవతలాయన ఇన్సూరెన్స్ వాళ్ళు రోజూ ఫోన్ చేసి స్టేట్‌మెంట్ రికార్డ్ చేస్తాం, సంతకం పెడితే చెక్ పంపిస్తాం అంటున్నారు. ఏం చెయ్యను?

జవాబు: సంతకం మాత్రం తొందరపడి పెట్టకమ్మా. అది రిలీజ్ కాగితమైతే, అంటే ఇక మీ మీద ఏ క్లెయిమూ పెట్టనని రాసిచ్చేదైతే, రేపు స్కాన్‌లో ఏదైనా తేలినా మళ్ళీ అడగలేవు. వాళ్ళకి రికార్డెడ్ స్టేట్‌మెంట్ ఇచ్చి తీరాలన్న రూలేం లేదు, మనం మర్యాదకి "బానే ఉన్నానండీ" అంటాం చూడు, ఆ మాటే తర్వాత అడ్డం తిరుగుతుంది. ముందు డాక్టర్‌కి చూపించుకో, మీ ఇన్సూరెన్స్‌కి చెప్పు, కారు రిపేర్ సంగతి విడిగా తేల్చుకోవచ్చు. టెక్సాస్‌లో గాయాలకి కేసు వెయ్యడానికి మామూలుగా 2 ఏళ్ళ టైముంది. ఆయనది చట్టం అడిగే కనీస పాలసీ అయితే గాయాలకి ఒక మనిషికి మహా అయితే 30,000 డాలర్లే వస్తాయి, అందుకే మీ పాలసీలో అండర్‌ఇన్సూర్డ్ కవరేజ్ (అవతలివాళ్ళ పాలసీ చాలకపోతే మన ఇన్సూరెన్స్ ఇచ్చేది) ఉందేమో ఇవాళే చూడు.