సిలికాన్ మెరుస్తుంది కదా, మరి అది లోహం ఎందుకు కాదు?

మీ అమ్మాయి అడిగిన ప్రశ్న చాలా మంచిదండి. ఆవర్తన పట్టికలో పక్కపక్కనే ఉన్న అల్యూమినియం లోహం, సిలికాన్ అర్ధలోహం (లోహానికీ అలోహానికీ మధ్య రకం) ఎలా అయ్యాయి, బట్టీ పట్టడం తప్ప దారి లేదా అని కదా? దారి ఉంది. నేను పదో తరగతికి ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఏటా పిల్లలు ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే.

ముందు మెరుపునీ గట్టిదనాన్నీ పక్కన పెట్టించండి. అయోడిన్ మెరుస్తుంది, కానీ అలోహం. సోడియం చాకుతో కోస్తే తెగేంత మెత్తన, అయినా లోహం.

నేను క్లాసులో మొదట అడిగేది ఒక్కటే: వేడి చేస్తే కరెంటు సులువుగా పారుతుందా, కష్టంగానా? దీనికి పాత 60 వాట్ల ఫిలమెంట్ బల్బు చాలు. హోల్డర్ నుంచి తీసేసి, చల్లగా ఉన్నప్పుడు మల్టీమీటర్‌తో నిరోధం చూస్తే 65 ఓమ్‌ల దగ్గర చూపిస్తుంది. అదే బల్బు 230 వోల్టుల మీద వెలుగుతున్నప్పుడు ఎంత ఉండాలో పిల్లలతోనే లెక్క కట్టిస్తాను: 230 వర్గాన్ని 60తో భాగిస్తే దాదాపు 880 ఓమ్‌లు! టంగ్‌స్టన్ లోహం కాబట్టి అంత పెరిగింది. లోహంలో ఎలక్ట్రాన్లు ముందే స్వేచ్ఛగా ఉంటాయి, వేడెక్కితే పరమాణువుల కంపనం వాటికి అడ్డొస్తుంది. శుద్ధమైన సిలికాన్‌లో ఎలక్ట్రాన్లు బంధాల్లో చిక్కుకుని ఉంటాయి, వేడి కొన్నిటిని విడిపిస్తుంది. అందుకే అక్కడ నిరోధం తగ్గుతుంది. ఈ లెక్క వేశాక పిల్లల ముఖాలు వెలిగిపోవడం చూడటం నాకు చాలా ఇష్టం.

కానీ ఒక్క పరీక్షతో తీర్పు చెప్పకూడదు. పెన్సిల్ ములుకులోని గ్రాఫైట్ కరెంటును బాగానే పంపిస్తుంది, అయినా కార్బన్ అలోహమే. అందుకని రెండో ప్రశ్న: దాని ఆక్సైడ్, అంటే ఆక్సిజన్‌తో కలిస్తే వచ్చే పదార్థం, ఎలాంటిది? లోహమైన మెగ్నీషియం రిబ్బన్ కాల్చిన బూడిదను నీళ్లలో కలిపితే ఎర్ర లిట్మస్ నీలంగా మారుతుంది, అంటే క్షారం. అలోహాలైన కార్బన్, గంధకం కాలితే వచ్చే వాయువులు నీళ్లలో ఆమ్లాన్నిస్తాయి.

ఇప్పుడు మీ జంటను చూడండి. అల్యూమినియం ఆక్సైడ్ ఆమ్లంతోనూ క్షారంతోనూ చర్య జరుపుతుంది, ఆ ఒక్క విషయంలో అది గీత మీద ఉన్నట్టే. మిగతావన్నీ లోహ లక్షణాలే: రేకుగా సాగుతుంది, తీగగా లాగొచ్చు, విద్యుత్తుకు మంచి వాహకం. సిలికాన్‌ను సుత్తితో కొడితే పగిలిపోతుంది, దాని ఆక్సైడ్‌ది ఆమ్ల స్వభావం, వాహకత మధ్యస్థం. అందుకే అర్ధలోహం.

అన్నీ ఇంత శుభ్రంగా తేలవు. ఆర్సెనిక్, ఆంటిమొనీ నిరోధం వేడికి లోహాల్లాగే పెరుగుతుంది, పెళుసుదనం మాత్రం అలోహాలది. తగరమైతే ఇంకా వింత. మామూలుగా లోహం, కానీ 13 డిగ్రీల కంటే తక్కువ చలిలో మెల్లగా బూడిద రంగు పొడిగా మారవచ్చు, ఆ రూపం సిలికాన్ లాంటి అర్ధవాహకం (సెమీకండక్టర్).

కాబట్టి అర్ధలోహాలకు అందరూ ఒప్పుకున్న ఒకే నిర్వచనం లేదు. బోరాన్, సిలికాన్, జెర్మేనియం, ఆర్సెనిక్, ఆంటిమొనీ, టెల్లూరియం, ఈ ఆరు దాదాపు ప్రతి జాబితాలోనూ ఉంటాయి. పొలోనియం, ఆస్టటీన్ కొన్నిట్లోనే కనిపిస్తాయి. పరీక్షకు టెన్షన్ పడకుండా వాళ్ల పాఠ్యపుస్తకంలో ఉన్నదే రాయమనండి.