పందికొక్కు సంచి

చిరంజీవి వాసంతికి,

అత్తయ్య ఆశీస్సులు. నూటయాభై ఏళ్ళనాటి ఇంగ్లీషు ప్రకృతి శాస్త్ర పుస్తకాన్ని తెలుగు చేయబోతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. వాడి గొంతులో గర్వం వినపడింది. "నువ్వు కాస్త చెప్పక్కా దానికి" అన్నప్పుడు దిగులూ వినపడింది. నాకూ ఆ రెండూ ఉన్నాయి. ఆ రాత్రి నిద్ర పట్టక లేచి, నా పాత నిఘంటువులకు దుమ్ము దులిపి పెట్టాను. వచ్చినప్పుడు పట్టుకుపో.

పుస్తకం మొత్తం ఒకసారి చదివాకే కలం పట్టు. ప్రతి ప్రాణి పేరుకూ ఒక చీటీ రాసుకో. శాస్త్రీయ నామం ఇచ్చి ఉంటే దాన్ని వదలకు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నీకు తెలియని మాటల గురించి నాకు బెంగ లేదు. పిస్‌మైర్ ఎదురైతే ఎలాగూ నిఘంటువు తెరుస్తావు, చీమ అని తెలుసుకుంటావు. ఒంటెనూ చిరుతనూ అతికించిన కామెలోపార్డ్ ఏమిటా అని వెతికి జిరాఫీని పట్టుకుంటావు. కొంప ముంచేవి తెలిసిన మాటలే. అర్చిన్ అంటే వీధి బాలుడనుకుంటావు. వాడు చలికాలమంతా ఆకుల కింద ముడుచుకుని పడుకుంటే జాలిపడతావు కూడా. అది హెడ్జ్‌హాగ్ తల్లీ, ఒంటినిండా ముళ్ళున్న చిన్న జంతువు! అలాగని ముళ్ళపంది అని రాసేయకు. మనవాళ్ళకు ముళ్ళపంది అంటే ఏదుపంది. దోసిట్లో ఇమిడేది ఒకటి, పది కిలోలు దాటేది మరొకటి.

నాన్‌డిస్క్రిప్ట్ అన్న మాటకు ఈనాడు ఏ ప్రత్యేకతా లేనిదని అర్థం. ఆనాటి శాస్త్రజ్ఞుడు ఒక పిట్టను అలా అన్నాడంటే, ఇంతవరకూ ఎవరూ వర్ణించని జాతి తన చేతికి చిక్కిందని గంతులు వేస్తున్నాడన్నమాట. నువ్వు "సాదాసీదా పిట్ట" అని రాస్తే ఆయన సంబరం మీద నీళ్ళు చల్లినట్టే. ఇంకా వెనక్కి వెళితే డీర్ అంటే ఏ జంతువైనా కావచ్చు. వింతగా ఉందా? మన మృగాన్ని చూడు. మృగనయని కళ్ళు జింకవి, క్రూరమృగం మాత్రం జింక కాదు.

ఇక నేను చేసిన ఘనకార్యం విను. అప్పటికి నాకు ముప్పై ఏళ్ళు నిండలేదు. ఒక ప్రచురణకర్త ఆస్ట్రేలియా జంతువుల మీద పిల్లల పుస్తకం ఇచ్చి తెలుగు చేయమన్నాడు. అందులో బాండికూట్ వచ్చింది. ఆ మాట మనదే! మన గాదెల కిందనుంచి బయలుదేరిన పందికొక్కే ఇంగ్లీషులో దూరి బాండికూట్ అయింది. మన దేశంనుంచి ఇంగ్లీషులోకి వెళ్ళిన మాటలను చెప్పే, 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువే ఆ సంగతి ఒప్పుకుంది. పుట్టింటికి వచ్చిన ఆడపడుచును చూసినంత సంబరంగా, రెండో ఆలోచన లేకుండా పందికొక్కు అని రాసేశాను.

రెండు వాక్యాలు దాటేసరికి ఆ జంతువు పొట్ట దగ్గర సంచిలో పిల్లలను మోస్తోంది. నేల తవ్వేటప్పుడు మట్టి లోపలికి పోకుండా సంచి నోరు వెనకవైపు తిరిగి ఉంటుందట. పందికొక్కుకు సంచేమిటి? అక్కడ ఆగవలసింది. నేను ఆగలేదు. మూల రచయితే పొరబడ్డాడని తీర్మానించి, పొట్ట సంచిని బుగ్గ సంచి చేశాను, పిల్లలను గింజలు చేశాను. ఒక తప్పు నిలబడాలని దానికి రెండు గుంజలు పాతాను.

పుస్తకం వచ్చిన మూడు నెలలకు ఒక పోస్టుకార్డు అందింది. ఏడో తరగతి పిల్లవాడు. "మా గాదె కింద దొరికిన పందికొక్కు నోరు మా తాత తెరిచి చూపించాడండి. బుగ్గల్లో సంచి లేదండి. ఆస్ట్రేలియా పందికొక్కు వేరాండి?"

వేరే నాయనా. అది కంగారూ లాగా సంచి జంతువు, ఎలుక జాతే కాదు. తెల్లవాళ్ళు అక్కడ దాన్ని చూసి, పైపై పోలికతో ఇక్కడి పేరు తగిలించారు. అదే జవాబు రాశాను. కానీ పుస్తకం అప్పటికే బడులకు చేరిపోయింది, రెండో ముద్రణ రాలేదు. ఆ కార్డు ఇప్పటికీ నా నిఘంటువులో బాండికూట్ పుటలోనే ఉంది. అక్కడినుంచి తీయకు.

ఫోనులో అర్థాలు చూసుకుంటూ రోజుకు పది పేజీలు చేస్తానన్నావట. పది పేజీలా! కోపం వచ్చింది, దాచను. వాక్యం అర్థానికి లొంగకపోతే వాక్యాన్ని వంచకు, నీకు తెలుసనుకున్న మాటను అనుమానించు. ఏ మాటను ఏ కాలంలో ఏ అర్థంలో వాడారో ఉదాహరణలతో చూపే ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు చూడు. మన దేశపు జంతువులైతే జెర్డన్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు 1867లో క్షీరదాల మీద వేసిన పుస్తకం తిరగెయ్యి. తెలుగు పేర్లు కూడా ఇచ్చాడు.

ఆయన పేరు మోసే పక్షి, జెర్డన్స్ కోర్సర్, మన కడప జిల్లాదే. కోర్సర్ అంటే పాత కవిత్వంలో గుర్రం, జాగ్రత్త! 1900 తర్వాత కనపడక అంతరించిందనుకున్న ఆ పక్షి 1986లో మళ్ళీ దొరికింది. అక్కడివాళ్ళు దాన్ని కలివికోడి అంటారు. అందుకే కొత్త పేరు పుట్టించే ముందు ఊళ్ళో పెద్దవాళ్ళను అడుగు.

వేళకు తిను. చిన్న అక్షరాలు దీపం దగ్గర పెట్టుకుని చదువు, నా కళ్ళు నీకు రాకూడదు. మొదటి అధ్యాయం పెద్ద అక్షరాల్లో అచ్చు తీసి పంపు. మన దక్షిణాదిలోనూ ఒక జాతి హెడ్జ్‌హాగ్ ఉంది. పొలాల్లో తిరిగేవాళ్ళు దాన్ని ఏమంటారో తెలిస్తే ముందు నాకు ఫోను చెయ్యి. ఆ చీటీ నా దగ్గర ఇంకా ఖాళీగానే ఉంది.

నీ అత్తయ్య