స్కాన్‌లో గడ్డ పెరిగితే మందు పనిచేయనట్టేనా?

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. అరికాలిలో నల్లమచ్చ పుండుపడితే ముక్క తీసి పరీక్షించి మెలనోమా (చర్మానికి రంగునిచ్చే కణాల క్యాన్సర్) అన్నారు. అప్పటికే ఊపిరితిత్తులకూ గజ్జల్లో లింఫు గ్రంథికీ పాకింది. మూడు నెలలుగా పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఎక్కిస్తున్నారు. మొన్నటి సీటీలో ఊపిరితిత్తిలో ఒక గడ్డ 18 మి.మీ. నుంచి 21కి పెరిగింది. ఇంకోటి 12 నుంచి 11కి, గజ్జల్లోది 30 నుంచి 22కి తగ్గాయి. కొత్తగా 6 మి.మీ. చుక్క ఒకటి కనబడింది. డాక్టరుగారు మందు ఆపకుండా ఆరు వారాలకు మళ్లీ స్కాన్ తీద్దామన్నారు. లక్షలు పోసి పనిచేయని మందు వాడుతున్నామేమోనని గుబులుగా ఉంది. ఇకముందు ఎలా ఉంటుందో స్కాన్ చెబుతుందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ డాక్టరుగారు చెప్పింది సబబే. ఏ ఒక్క గడ్డనో చూసి తీర్పు చెప్పరు. రెసిస్ట్ అనే కొలత పద్ధతిలో ఒంటి మొత్తం మీద ఐదుకు మించకుండా, ఒక్కో అవయవంలో రెండుకు మించకుండా గడ్డలు ఎంచుకుని కొలతలు కూడతారు. మామూలు గడ్డకు పొడవు కొలత, లింఫు గ్రంథికి అడ్డు కొలత తీసుకుంటారు. మీ నాన్నగారికి మొదట 18, 12, 30 కలిపి 60. ఇప్పుడు 21, 11, 22 కలిపి 54. అంటే మొత్తం మీద 10 శాతం తగ్గింది. మందుకు లొంగిందనడానికి 30 శాతం తగ్గాలి. ముదిరిందనడానికి 20 శాతం, అదీ కనీసం 5 మి.మీ. పెరగాలి. కొలతల లెక్కలో మీరు ఈ రెంటికీ మధ్య ఉన్నారు.

చిక్కంతా ఆ కొత్త చుక్కతోనే. రెసిస్ట్ పాత లెక్క ప్రకారం కొత్త గడ్డని ఖాయమైతే చాలు, జబ్బు ముదిరినట్టే. అయితే ఇమ్యునోథెరపీ మందు గడ్డను నేరుగా చంపదు, మన రక్షణ కణాలను దాని మీదికి వదులుతుంది. ఆ కణాలు గడ్డలోకి చేరినప్పుడు అది కొన్నాళ్లు ఉబ్బవచ్చు. అంతకుముందు కంటికి ఆనని చిన్న గడ్డ బయటపడవచ్చు. అందుకే 2017లో వచ్చిన ఐరెసిస్ట్ పద్ధతి దీన్ని ‘ఇంకా ఖాయం కాని ముదురు’ కింద రాసుకుని, 4 నుంచి 8 వారాల్లో మళ్లీ చూడమంటుంది. పైగా 6 మి.మీ. చుక్క క్యాన్సరే కానక్కర్లేదు. క్షయ మానిన మచ్చ, ఇన్‌ఫెక్షన్ కూడా అలాగే కనిపిస్తాయి.

అయితే ఒక మాట దాచకూడదు. ఇలా ఉబ్బి తర్వాత తగ్గడం మెలనోమాలో నూటికి పది మందిలో కూడా కనిపించదు. కాబట్టి వేచి చూడటం రోగి నిలకడగా ఉన్నప్పుడే. ఆయాసం, తలనొప్పి, బరువు తగ్గడం, రక్తంలో ఎల్‌డీహెచ్ (కణాలు దెబ్బతింటే పెరిగే ఎంజైమ్) ఎక్కుతూ పోవడం... వీటిలో ఏది కనిపించినా ఆరు వారాలు ఆగొద్దు, వెంటనే ఫోన్ చేయండి.

ఇకముందు సంగతి తేల్చేవాటిలో జబ్బు ఎక్కడికి పాకిందన్నది ముఖ్యం. చర్మం, దూరపు లింఫు గ్రంథుల వరకే ఉంటే మెరుగు. ఊపిరితిత్తులు ఆ తర్వాతి మెట్టు, కాలేయం వంటివి ఇంకో మెట్టు, మెదడు అన్నిటికన్నా కష్టం. ప్రతి మెట్టులోనూ ఎల్‌డీహెచ్ మామూలుగా ఉందా, ఎక్కువా అన్నదీ చూస్తారు. మెదడు ఎంఆర్ఐ తీయకపోయి ఉంటే కాంట్రాస్ట్‌తో (గడ్డ స్పష్టంగా కనబడేందుకు ఎక్కించే మందుతో) తీయమని అడగండి. రెండు ఇమ్యునోథెరపీ మందులు కలిపి ఇచ్చిన చెక్‌మేట్ 067 అధ్యయనంలో పదేళ్ల తర్వాత 43 శాతం మంది బతికే ఉన్నారు. ఆ అంకె మీకు కొండంత ధైర్యం ఇవ్వాలనే ఉంది. కానీ అందులో ఉన్నది ఎక్కువగా తెల్లజాతి వాళ్లు. మనవాళ్లలో తరచూ కనిపించే అరికాలి రకం ఈ మందులకు కాస్త తక్కువగా లొంగుతుంది.

ప్రశ్న: అమ్మకు మెలనోమా, షుగర్ కూడా ఉంది. పెట్ సీటీ రెండుసార్లు రెండు సెంటర్లలో తీయించాం. అదే గడ్డకు ఎస్‌యూవీ ముందు 6.1, తర్వాత 8.4 వచ్చింది. ముదిరినట్టేనా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. పెట్ స్కాన్‌కు ముందు కాస్త రేడియోధార్మికత ఉన్న చక్కెర మందు ఇంజెక్షన్‌గా ఇస్తారు, దాన్ని ఎక్కువగా పీల్చుకున్న చోటు వెలుగుతుంది. ఆ వెలుగు కొలతే ఎస్‌యూవీ. ఇంజెక్షన్ ఇచ్చాక 60 నిమిషాలకు తీస్తే ఒక అంకె వస్తుంది, క్యూలో ఆలస్యమై 90 నిమిషాలకు తీస్తే అదే గడ్డ ఇంకా ఎక్కువగా వెలుగుతుంది. యంత్రం మారినా అంకె మారుతుంది. రిపోర్టులో ఇంజెక్షన్ డోసు, వేచి ఉన్న సమయం, అప్పటి షుగర్ ఉన్నాయో లేదో చూడండి. ఈసారి మొదటి సెంటర్‌కే వెళ్లండి.

ఆరు గంటలు ఏమీ తినకూడదు, మంచినీళ్లు తాగవచ్చు. ముందురోజు నుంచి బరువు పనులు, వేగంగా నడవడం వద్దు, కండరాలు వెలుగుతాయి. షుగర్ 200 లోపు ఉండాలి. అలాగని అక్కడికక్కడ ఇన్సులిన్ వేయించుకుని గదిలోకి వెళ్తే ఆ చక్కెర మందు గడ్డకు చేరకుండా కండరాల్లోకి పోతుంది, స్కాన్ వృథా. మెట్‌ఫార్మిన్ వాడితే పేగులు మెరుస్తాయి. రెండు రోజులు ఆపాలా అని డాక్టర్నే అడగండి. సాధారణంగా పుర్రె అడుగు నుంచి తొడ మధ్య వరకే తీస్తారు. మచ్చ కాలిలో మొదలైనవాళ్లు పాదాల వరకు తీయమని ముందే చెప్పాలి.

ప్రశ్న: స్కాన్ చూసి ఎవరు ఎన్నాళ్లు బతుకుతారో కంప్యూటరే చెప్పేస్తుందట, నిజమా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: పరిశోధనలో కొంత నిజం. పెంబ్రోలిజుమాబ్ తీసుకున్న 575 మంది మెలనోమా రోగుల సీటీలను, మొదటివీ మూడో నెలవీ పోల్చి కంప్యూటర్ నాలుగు లక్షణాలు ఏరింది. రెండు గడ్డ సైజువి, రెండు దాని తీరులో వచ్చిన మార్పువి. ఆరు నెలలు దాటి బతికేదెవరో గుర్తించడంలో దాని స్కోరు 0.92, రెసిస్ట్‌ది 0.80. బొమ్మాబొరుసు వేస్తే వచ్చేది 0.5. కానీ సీటీ పొరల మందం, కాంట్రాస్ట్ ఎక్కించాక తీసిన సమయం మారితే ఈ లెక్క తప్పుతుంది. పైగా ఆ స్కోరు గుంపుకు సంబంధించినది, మీ ఇంటి మనిషి ఆయుష్షు కాదు.

ఇప్పటికే ఆసుపత్రుల్లో అక్కరకొచ్చేది ఏడాది నాటి పెట్ స్కాన్. ఆస్ట్రేలియాలో 104 మందిని చూస్తే, ఏడాదికి సీటీలో గడ్డలు పూర్తిగా పోయినవాళ్లు 28 శాతమే, పెట్‌లో ఏ వెలుగూ లేనివాళ్లు 75 శాతం. సీటీలో మిగిలిన గడ్డ చాలామందిలో చచ్చిన మచ్చే అన్నమాట. మందు ఆపే మాట వచ్చినప్పుడు ఆ స్కాన్ పనికొస్తుంది. అందుకని ప్రతి స్కాన్‌కూ ఫిల్ముతో సరిపెట్టుకోకుండా సీడీ కూడా అడిగి తీసుకోండి. ఫిల్ము మీద ఎస్‌యూవీ మళ్లీ కొలవలేరు.