‘లీజియన్’ మీద రాసే ముందు

బాబూ,

జపాన్ హిప్‌హాప్ జంట క్రీపీ నట్స్ (ర్యాపర్ ఆర్-షితెయ్, డీజే మాత్సునాగ) ఆల్బమ్ ‘లీజియన్’ మీద రాస్తానన్నావు కదా. 2025 ఫిబ్రవరిలో వచ్చింది, 20 ట్రాకులు. ఏకబిగిన వింటే చివరికొచ్చేసరికి చెవి మొద్దుబారుతుంది. సగం ఇవాళ, సగం రేపు విను. షఫుల్ తీసెయ్.

ఇందులో ‘బ్లింగ్-బ్యాంగ్-బ్యాంగ్-బోర్న్’, ‘ఒతొనొకె’ పాటలు ముందే కంఠతా వచ్చేసి ఉంటాయి, తంటా అక్కడే. యానిమే ఓపెనింగ్‌లో విన్నది దాదాపు 90 సెకన్ల ముక్క. పూర్తి పాట వినకపోతే ‘బ్లింగ్...’ వాడుకున్న యానిమే ‘మాష్లె’ గురించి రాసి, ఆల్బమ్ గురించి రాశాననుకుంటావు.

మొదటిసారి లిరిక్స్ తెరవకు, కిక్ డ్రమ్‌ని (అడుగున దబ్‌మనే డ్రమ్ దెబ్బని) పట్టుకో. ‘బ్లింగ్...’ది జెర్సీ క్లబ్ అనే అమెరికన్ డాన్స్ సంగీతం బీటు. ఆ బాణీలో మామూలుగా బార్‌కి (నాలుగు లెక్కల ఆవృతానికి) అయిదు కిక్ దెబ్బలు: మొదటి మూడూ తాళం మీద, మిగతా రెండూ ఎడం తగ్గించుకుని. ఫోన్ స్పీకర్లో ఇవి సరిగ్గా వినపడవు. ‘బీటు పల్చగా ఉంది’ అని రాసేవాళ్లలో సగంమంది తప్పు ఫోన్‌దే! ఇయర్‌ఫోన్స్ పెట్టుకో.

రెండోసారి రోమన్ లిపి లిరిక్స్, పెన్సిల్ దగ్గర పెట్టుకో. మన ప్రాసకి రెండో అక్షరంలో హల్లు కలవాలి. జపనీస్ ర్యాప్‌లో అచ్చులు కలిస్తే చాలు. సకుర అంటే చెర్రీ పువ్వు, అబుర అంటే నూనె. కకారం, బకారం కలవవు కాబట్టి మన లెక్కలో ప్రాస లేదు, వాళ్లకి అ-ఉ-అ కుదిరింది. నాలుగు లైన్లు తీసుకుని అచ్చుల కింద గీతలు గీయి, గొలుసు ఎంత పొడవుందో కనిపిస్తుంది. ఆర్-షితెయ్ 2012 నుంచి 2014 దాకా వరసగా మూడేళ్లు జపాన్‌లో యూఎంబీ అనే ఫ్రీస్టైల్ (అప్పటికప్పుడు అల్లే ర్యాప్) పోటీ గెలిచినవాడు, ఊరికే పోదు ఆ గీత.

‘చాలా వేగంగా పాడాడు’ అని రాయకు. బార్‌లో ఎన్ని మాత్రలు కుక్కాడో లెక్కపెట్టు. మన ఛందస్సు ఇక్కడ భలే పనికొస్తుంది: టోక్యో రెండు గురువులు, నాలుగు మాత్రలు. జపనీస్ లెక్కలోనూ నాలుగే. నిప్పొన్ కూడా అంతే.

అనువాదం ఆఖర్న చూడు. జపనీస్ మాటలు ‘ఒరె’, ‘బొకు’ రెండూ అనువాదంలో ‘నేను’ అయిపోతాయి. మొదటిది మొరటు, రెండోది మెత్తన. పైగా జపనీస్‌లో కర్తని తరచూ వదిలేస్తారు, అనువాద యంత్రం అక్కడ ఎవర్నో ఒకర్ని తెచ్చి కూర్చోబెడుతుంది.

డీజే మాత్సునాగ 2019లో డీఎంసీ అనే డీజేల పోటీలో ప్రపంచ విజేత. అలాగని ప్రతి పాటలో స్క్రాచ్ (రికార్డుని ముందుకీ వెనక్కీ తిప్పే చప్పుడు) వెతకొద్దు, బీటు కట్టేదీ అతనే.

20 ట్రాకులకీ పేరాలు పెట్టకు. అయిదారు చాలు, నచ్చనిది ఒకటైనా ఉండాలి. ఏ మాట అన్నా ఎన్నో నిమిషం, ఎన్నో సెకనో వెయ్యి. ‘వైబ్ అదిరింది’ అని ఉంటే కొట్టేసి, అప్పుడు ఏ శబ్దం వినిపిస్తోందో రాసి పంపు.