ఎడారి పూలకు జన్యుశాస్త్రం వచ్చా?

సందేహం: అమెరికా ఎడారుల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. "పూర్వపు వాతావరణ మార్పులు ఎడారి అడవి పూల జన్యుశాస్త్రాన్ని తీర్చిదిద్దాయి" అని రాశాను. ఎక్కడో తేడా కొడుతోంది. ఏం మార్చాలి?

సమాధానం: ఎక్కడో ఒకచోట కాదండీ, నాలుగు చోట్ల కొడుతోంది. పెద్దది "జన్యుశాస్త్రం". శాస్త్రం చదువుకునే మనుషులది, పువ్వుకి ఎక్కడిది? ఇంగ్లీషులో జెనెటిక్స్ అనే ఒక్క మాటే ఆ చదువుకీ, మొక్క లోపలున్న సరుకుకీ సరిపోతుంది, మనకు కుదరదు. అన్నం అరగకపోతే "నా జీర్ణశాస్త్రం బాగోలేదు" అనం కదా.

పోనీ "జన్యువులు" అందామంటే అదీ ఒక్కోసారి చాలదు. క్రియోసోట్ అని పసుపు పూలు పూసే పొద ఉంది. దాని కణంలో క్రోమోజోములు, అంటే జన్యువులను మోసే పోగులు, చివావన్ ఎడారిలో 26, ఇంకా ఉత్తరాన ఉన్న సొనోరన్ ఎడారిలో 52, ఆ పైన మొహావీ ఎడారిలో 78, అంటే సెట్లకు సెట్లే పెరిగాయి. మంచుయుగం పోయి నేల వేడెక్కి ఎండుతున్నకొద్దీ ఈ పొద ఉత్తరానికి పాకింది. ఏ రకం ఎప్పుడు ఎక్కడుందో పాత ఆకుల మీద రంధ్రాలకు కాపుండే కణాల సైజు చూసి పట్టుకున్నారు, సెట్లు పెరిగితే ఆ కణాలూ పెద్దవవుతాయి కదా. ఆ ఆకులు దొరికింది ఎలుక గూళ్లలో! ప్యాక్‌రాట్ అనే ఎలుక పోగేసిన ఆకూ పుల్లా దాని మూత్రంలోనే గట్టిపడి వేల ఏళ్లు నిలిచిపోయాయి. ఇలాంటి చోట "జన్యు నిర్మాణం" అనండి.

"అడవి పూలు" తప్పేం కాదు, అడవి మల్లెలో ఉన్న అడవే ఇది, ఎవరూ పెంచనిది అని. కానీ పక్కనే ఎడారిని కూర్చోబెడితే చదివేవాడు చెట్లు వెతుక్కుంటాడు. (20,000 ఏళ్ల కిందట మొహావీలో ఇప్పటి పొదల చోట చాలావరకు జునిపర్ చెట్లే ఉండేవి, అప్పుడైతే మీ మాట చెల్లేది.) విత్తకుండా వచ్చినదాన్ని మన రైతులు "పడి మొలిచింది" అంటారు చూడండి, నాకు అది ఇష్టం. ఎడారి గింజలు చేసేదీ అదే, మట్టిలో పడి ఏళ్ల తరబడి ఎదురుచూసి, మంచి వాన పడ్డా కొన్నే మొలిచి మిగతావి ఇంకో ఏటికి ఆగుతాయి.

"వాతావరణం" ఇవాళ్టి మబ్బూ ఎండకీ, చుట్టూ ఉన్న గాలిపొరకీ, క్లైమేట్‌కీ అన్నిటికీ వాడేస్తున్నాం. పేపర్లో అయితే నేనూ పట్టించుకోను. వేల ఏళ్ల సంగతికి మాత్రం బడి పుస్తకంలోని "శీతోష్ణస్థితి" మేలు.

ఇక "తీర్చిదిద్దాయి". ముగ్గు వేసే ఆవిడకి మనసులో ఒక రూపం ఉంటుంది, ఎండకీ కరువుకీ ఏ రూపం ఉంది?

నేనైతే ఇలా రాస్తాను: "ఎడారిలో వాటంతట అవే మొలిచి పూసే మొక్కల జన్యు నిర్మాణంలో ఒకప్పటి శీతోష్ణస్థితి మార్పుల ఆనవాళ్లు కనిపిస్తాయి."