గండికోటలో వ్యాన్ డిష్: స్ట్రెంత్ 80, క్వాలిటీ సున్నా

అన్నా, గండికోటలో వ్యాన్ దగ్గర టీవీ డిష్ పెడితే స్ట్రెంత్ 80 వస్తోంది, క్వాలిటీ మాత్రం సున్నా అని అడిగారు కదా. తప్పు ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు చేతికి బిగించే, సిగ్నల్ అందుకునే చిన్న డబ్బా) బిగించడంలోనే ఉండొచ్చు. స్ట్రెంత్ 80 చూసి మోసపోవద్దు, డిష్ గోడకేసి తిప్పినా చాలా బాక్సులు ఆ అంకె చూపిస్తాయి. చూడాల్సింది క్వాలిటీ, అంటే వచ్చే సిగ్నల్ ఎంత శుభ్రంగా ఉందన్నది.

సర్దేటప్పుడు ఎల్‌ఎన్‌బీ ఊడదీసి, మళ్లీ నిటారుగా బిగించానని రాశారు కదా. ఫ్రీ డిష్ (దూరదర్శన్ ఉచిత టీవీ) ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పున ఉంది. మన కడప, అనంతపురం వైపు నుంచి దానికి ఎల్‌ఎన్‌బీ దాదాపు 45 డిగ్రీలు వాలి ఉండాలి. నిటారుగా పెడితే అడ్డం, నిలువు తరంగాలు రెండూ కలగాపులగమై క్వాలిటీ లేవదు.

1. స్టాండు పైపు నిలువుగా ఉందా, తూకం గుండు కట్టి చూడండి. అక్కడి బండలు సమంగా ఉండవు.
2. వ్యాన్‌కు పది అడుగులు ఎడంగా నిలబడి ఫోన్ కంపాస్ చూడండి. ఇనుము పక్కన అది అబద్ధమే చెబుతుంది. దిక్కు 133 డిగ్రీలు, అంటే ఆగ్నేయం. ఎత్తు, అంటే ఆకాశం వైపు చూసే కోణం, 65 డిగ్రీలు. ఆఫ్‌సెట్ డిష్ (ఎల్‌ఎన్‌బీ నడిమధ్యన కాక కింది వైపు ఉండేది) కాబట్టి చూపుకు అంత పైకెత్తినట్టు ఉండదు.
3. క్లాంపు మర వదులు చేసి ఎల్‌ఎన్‌బీని ఒకవైపు 45 దాకా వాల్చండి. డిష్‌ను పక్కలకు వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ, ప్రతిసారీ ఐదు సెకన్లు ఆగండి. క్వాలిటీ రాకపోతే రెండోవైపు వాల్చి మళ్లీ అంతే.
4. క్వాలిటీ ఎక్కువ వచ్చిన చోట బిగించి, క్లాంపుకూ ఎల్‌ఎన్‌బీకీ కలిపి మార్కర్‌తో ఒక గీత గీయండి. రాయలసీమలో ఎక్కడ ఆపినా దాదాపు ఆ గీతే సరిపోతుంది.