మనిషిలాంటి రోబోలు వస్తున్నాయి, మా అమ్మాయి రోబోటిక్స్ చదవొచ్చా?

ప్రశ్న: మాది పలాస. నా భార్య జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. మనిషిలా నడిచే రోబోల వీడియోలు చూసి రోబోటిక్స్ చదువుతానంటోంది. బంధువులు సీఎస్ఈ తప్ప ఏదీ వద్దంటున్నారు. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఆవిడ చేసే పనితోనే మొదలుపెడతానండీ. జీడిపప్పు పొట్టు తీసేటప్పుడు వేలు కాస్త గట్టిగా నొక్కితే నిండు గుండు కాస్తా బద్ద అయిపోతుంది, ధర పడిపోతుంది. ఏ పప్పును ఎంత నొక్కాలో ఆవిడ వేళ్లకు తెలుసు. పొట్టు తీసే యంత్రాలు ఉన్నా, అవి ఆ ఒక్క పనికే. మనిషి చేతిలా ఏ పనైనా అందుకునే చెయ్యి మాత్రం పల్టీలు కొట్టే రోబోలకు కూడా ఇంకా సరిగ్గా కుదరలేదు.

చాట్‌జీపీటీ లాంటివి నేర్చుకోవడానికి ఇంటర్నెట్ నిండా రాతలు దొరికాయి. వేళ్లు ఎంత బలంతో పట్టుకోవాలో ఎవరూ రాసిపెట్టలేదు. అందుకే మనుషులే రోబోను దూరం నుంచి ఆడిస్తూ, ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించి ఆ డేటా పోగుచేస్తున్నారు.

బ్యాటరీ ఇంకో తలనొప్పి. 2025 ఏప్రిల్‌లో బీజింగ్‌లో రోబోలతో హాఫ్ మారథాన్ (సుమారు 21 కిలోమీటర్ల పరుగు) పెట్టారు. గెలిచిన రోబోకే 2 గంటల 40 నిమిషాలు పట్టింది, దారిలో బ్యాటరీలు మార్చాల్సి వచ్చింది. చాలా రోబోలు చివరిదాకా చేరనే లేదు. భద్రత సంగతి ఇంకా కష్టం. నేలకు బిగించిన రోబో చేయికి కరెంటు తీసేస్తే అక్కడే ఆగుతుంది. రెండు కాళ్లమీద నిలబడ్డదానికి తీసేస్తే పక్కనున్న మనిషిమీద పడొచ్చు.

ఈ చిక్కులు విప్పడానికి మోటార్లు, సెన్సార్లు, కంట్రోల్, కోడింగ్ అన్నీ తెలిసినవాళ్లు కావాలి. కాబట్టి అమ్మాయి కోరిక మంచిదే. కానీ ‘రోబోటిక్స్’ అనే పేరు కోసం ఎక్కడో లక్షలు పోసి సీటు కొనకండి. మెకానికల్, ఈసీఈ, ఈఈఈల్లో ఏది తీసుకున్నా ఈ రంగంలోకి దారి ఉంది. విజయనగరం జేఎన్‌టీయూ కాలేజీలో ఇవి ఉన్నాయి. సీఎస్ఈ వచ్చినా తప్పు లేదు, కాకపోతే సర్క్యూట్లు, మోటార్ల పని విడిగా నేర్చుకోవాలి.

ఇంటర్‌లో వచ్చే మాత్రికలు, సదిశలు, ఫిజిక్స్‌లో భ్రమణ చలనం బట్టీపట్టి వదిలేయవద్దని చెప్పండి. రోబో చెయ్యి ఎటు తిరిగి ఎక్కడ ఉందో లెక్కగట్టేది వాటితోనే. బీటెక్‌లో చేరాక పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష, ఆ తర్వాత రోబోలను నడిపించే సాఫ్ట్‌వేర్ ఆర్‌ఓఎస్, కంప్యూటర్ తెరమీదే రోబోను ఆడించి చూసే గజీబో నేర్చుకోవాలి. ఈ మూడూ ఉచితం. రోబో కొనక్కర్లేదు, కంప్యూటర్‌లోనే నడిపి చూడొచ్చు. ఐఐటీల ప్రొఫెసర్లు ఆన్‌లైన్‌లో చెప్పే ఎన్‌పీటీఈఎల్ పాఠాలకూ డబ్బు కట్టక్కర్లేదు.

నాలుగేళ్లకు హ్యూమనాయిడ్ (మనిషిలాంటి రోబో) కంపెనీలోనే ఉద్యోగం ఖాయమని నేను చెప్పను. అయితే ఇదే చదువు ఫ్యాక్టరీల ఆటోమేషన్‌కూ పనికొస్తుంది. పైడిభీమవరం మందుల కంపెనీల్లో, విశాఖ పరిశ్రమల్లో మెషిన్లను నడిపించే కంట్రోల్ పనులకు ఆమె ప్రయత్నించవచ్చు.

వెబ్ ఆప్షన్లు పెట్టేముందు ఆమెను వెంటబెట్టుకుని రెండు మూడు కాలేజీల ల్యాబులు చూసి రండి. పరికరాలు అద్దాల బీరువాల్లో ఉన్నాయా, పిల్లల చేతుల్లో ఉన్నాయా గమనించండి.